తడిలో ఒక గుణం, ఎండలో ఒక గుణం: చెరువు మన్ను తోలే ముందు...

రోహిణి కార్తెలో చెరువు అడుగు బయటపడిందంటే మన పల్లెల్లో ట్రాక్టర్ల చప్పుడు మొదలవుతుంది. వెనకట ఎడ్లబండ్లు కట్టి వెన్నెల రాత్రుల్లో తోలుకునేవారు. ఇప్పుడు జేసీబీ ఎత్తి పోస్తుంటే ట్రాలీలు వరుసగట్టి వెళ్తుంటాయి. పని మాత్రం ఒకటే: చెలకల నుంచి కొట్టుకొచ్చి చెరువులో చేరిన ఒండ్రును తిరిగి చెలకకు చేర్చడం. అయితే ఒకే చెరువు మన్ను ఒకరి చేనుకు బలమిచ్చి, పక్క చేనులో మాత్రం మొలకే సరిగా రాకపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. "ఆ భూమికి అచ్చిరాలేదు" అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు తప్పు భూమిది కాదు. మన్ను చెరువులో ఏ పక్క నుంచి తీశాం, ఎంత ఎండనిచ్చాం, ఎప్పుడు చల్లాం అన్నదాంట్లోనే తేడా ఉంటుంది.

ఒకసారి చెరువులోకి దిగి, నీరు ఇంకా పూర్తిగా పోని చోట పారతో ఒక పెళ్ల తీసి చూడండి. పైన వేలెడు మందం కూడా లేని గోధుమరంగు పొర ఉంటుంది. దాని కింద నల్లగా, జిగటగా, మురిగిన కోడిగుడ్డు వాసన కొట్టే బురద. ఆ నల్ల పెళ్లను గట్టు మీద పెట్టి మర్నాడు వచ్చి చూస్తే పైభాగం గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. విరిచి చూస్తే లోపల ఇంకా నలుపే. దానిలో ఎవరూ ఏమీ కలపలేదు. గాలి తగిలింది, అంతే. ఈ ఒక్క సంగతి అర్థమైతే చెరువు మన్ను వాడకంలో సగం తెలిసినట్టే.

నీటి కింద ఏం జరుగుతుంది?

ఆకూ అలమూ, పశువుల పేడ, గడ్డీ గాదం వరదతో కొట్టుకొచ్చి చెరువు అడుగున పడతాయి. వీటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కూడా మనలాగే ప్రాణవాయువు కావాలి. నేల ఆరి ఉన్నప్పుడు మట్టి సందుల్లో గాలి ఆడుతుంది కాబట్టి వాటికి లోటు లేదు. మఖ, పుబ్బ కార్తెల్లో చెరువు నిండిందంటే ఆ సందులన్నీ నీటితో మూసుకుపోతాయి. గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో ప్రాణవాయువు పదివేల వంతుల్లో ఒక వంతు వేగంతో మాత్రమే కదులుతుంది. బురదలో మిగిలి ఉన్న కాస్త గాలి ఒకటి రెండు రోజుల్లోనే ఖర్చయిపోతుంది.

తిండి ఉంది, గాలి లేదు. అప్పుడు సూక్ష్మజీవులు ఊపిరికి వేరే దారి వెతుక్కుంటాయి. అదీ ఒక వరసలోనే. మొదట నైట్రేటు రూపంలో ఉన్న నత్రజని జోలికి పోతాయి. అది వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది, అంటే ఎరువు ఎగిరిపోయినట్టే లెక్క. తర్వాత మాంగనీసు, దాని తర్వాత ఇనుము. మన ఎర్రనేలలకు ఆ ఎరుపు ఇచ్చేది తుప్పు రూపంలో ఉన్న ఇనుమే. గాలి లేనప్పుడు ఆ తుప్పు కరిగి, ఎరుపు పోయి మన్ను బూడిద రంగుకు తిరుగుతుంది. తుప్పు పట్టి ఉంచుకున్న భాస్వరం కూడా అప్పుడే కొంత విడుదలవుతుంది. నీరు నిలిచిన వరికి ఇదే మేలు చేస్తుంది. ఇనుము తర్వాత గంధకం వంతు. సల్ఫేటు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కోడిగుడ్డు వాసన దానిదే. అది కరిగిన ఇనుముతో కలిసినప్పుడు వచ్చేదే ఆ నలుపు. ఇవన్నీ అయిపోతే చివరకు మీథేన్ వాయువు. చెరువులో నడుస్తుంటే కాళ్ల కింద బుడబుడమని లేచే బుడగల్లో ఎక్కువగా ఉండేది అదే.

నీట మునిగిన నేలల్లో జరిగే ఈ మార్పులను ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన శ్రీలంక శాస్త్రవేత్త పొన్నంపెరుమ వివరంగా పరిశీలించి 1972లో పెద్ద వ్యాసంగా ప్రచురించారు. ఆమ్ల నేలైనా, క్షార నేలైనా కొన్ని వారాలు నీట మునిగితే రెండూ మధ్యస్థానికి దగ్గరవుతాయన్నది ఆయన చూపిన వాటిలో ముఖ్యమైనది. చౌడు పొలంలో మెట్ట పంట రాకపోయినా వరి ఎంతో కొంత పండటానికి ఇదీ ఒక కారణం.

సముద్రం ఒడ్డున రోజుకు రెండుసార్లు

మనది మెట్ట ప్రాంతం. సముద్రానికీ మనకూ ఏం సంబంధం అనిపించవచ్చు. కానీ ఈ మార్పు ఎలా జరుగుతుందో చూడాలంటే కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లోనో, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవుల్లోనో చూడాలి. మన చెరువులో ఏడాదికి ఒకసారి జరిగేది అక్కడ రోజుకు రెండుసార్లు జరుగుతుంది. సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలకు ఒకసారి పోటు వచ్చి బురదను ముంచుతుంది. ఆటుకు నీరు వెనక్కి పోతే బురద బయటపడి, పీతల బొరియల్లోకి, చెట్ల వేళ్ల పక్కకు గాలి చేరుతుంది. మళ్లీ పోటు, మళ్లీ మునక. మడ చెట్ల వేళ్లు బురదలో నుంచి మేకుల్లా పైకి పొడుచుకొని ఉండేది కూడా గాలి కోసమే.

సముద్రపు నీటిలో లీటరుకు రెండున్నర గ్రాములకు పైగా సల్ఫేటు ఉంటుంది. ప్రతి పోటూ దాన్ని కొత్తగా తెచ్చి పోస్తుంది. అందుకే మడ బురదలో గంధకం వాసన ఎక్కువ, మీథేన్ తక్కువ. మన చెరువు నీటిలో సల్ఫేటు స్వల్పం కాబట్టి అది త్వరగా అయిపోతుంది, ఆపైన మీథేన్ మొదలవుతుంది. ఆటుపోట్ల మీద రుతువుల ప్రభావం వేరే. జులై నుంచి గోదావరికి వరదలొస్తే మడ అడవుల నీటిలో ఉప్పు తగ్గుతుంది, కొత్త ఒండ్రు పడుతుంది. ఎండాకాలంలో నది సన్నబడితే ఉప్పు పెరుగుతుంది. కాలువ చివరి పొలాల్లో ఎండాకాలం చౌడు పైకి తేలినట్టే అన్నమాట.

ఈ మడ బురదను తవ్వి ఆరబెడితే మరో ప్రమాదం ఉంది. అందులో పేరుకున్న ఇనుము, గంధకం గాలి తగిలి గంధకామ్లంగా మారతాయి. కేరళలోని కుట్టనాడులో ఇలాంటి ఆమ్ల నేలలతో వరి రైతులు ఎప్పటి నుంచో తంటాలు పడుతున్నారు. మన చెరువుల్లో గంధకం తక్కువ, సున్నం పాలు కాస్త ఎక్కువ కాబట్టి అంత దూరం పోదు. కానీ తడిలో బందీగా ఉన్నది ఎండలో బయటికి వస్తుందన్న సూత్రం ఇక్కడా అదే. అది మేలు ఎప్పుడు చేస్తుందో, కీడు ఎప్పుడు చేస్తుందో కింద చూద్దాం.

అన్నట్టు, ఒండ్రు విషయంలో మనకూ ఆ అడవులకూ నేరుగా సంబంధం ఉంది. దిండి, మూసీ నీళ్లు కృష్ణలో కలిసి హంసలదీవి దాకా పోవలసినవే. కృష్ణ వెంట పోవలసిన మన్ను మన చెరువుల్లో కొంత, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో కొంత ఆగిపోతోంది. డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గింది. అక్కడికి చేరనిది ఇక్కడ మన చెరువుల్లో పూడికై కూర్చుంది.

ఎండాకాలమే చెరువుకు ఊపిరి

ఫాల్గుణం దాటితే చెరువు అంచుల నుంచి వెనక్కి పోవడం మొదలవుతుంది. మే నెలలో ఎండకు నీటి మట్టం రోజుకు సెంటీమీటరుకు దగ్గరగా తగ్గుతుంది. బయటపడిన బురద నెర్రెలు వారుతుంది. ఆ నెర్రెలే గాలి దారులు. నెర్రె అంచును గీరి చూడండి, తుప్పు రంగు కనిపిస్తుంది. కరిగి ఉన్న ఇనుము మళ్లీ తుప్పుగా గట్టిపడుతుంది. గంధకం తిరిగి సల్ఫేటు రూపానికి వస్తుంది. పల్లీకి, నువ్వుకు కావలసింది ఆ రూపమే. అమ్మోనియాగా ఉన్న నత్రజని నైట్రేటుగా మారుతుంది.

ఇంకొక విశేషం. బాగా ఎండిన మన్ను మీద తొలకరి పడగానే నత్రజని ఒక్కసారిగా విడుదలవుతుంది. ఎండకు చచ్చిన సూక్ష్మజీవులను, విచ్చుకున్న సేంద్రియ పదార్థాన్ని బతికి ఉన్నవి తినేయడం వల్ల ఇలా జరుగుతుంది. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లో దీన్ని వివరించారు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. మన పెద్దలకు ఆ పేరు తెలియదు కానీ రోహిణిలో మన్ను తోలి, మృగశిరలో దున్ని, వెంటనే విత్తడం తెలుసు. ఆలస్యమైతే ఆ నత్రజనిలో చాలా భాగం వాన నీటితో దుబ్బనేలలో కిందికి దిగిపోతుంది. విత్తనం అదునులో పడాలనడంలో ఇదీ ఉంది.

ఇక్కడొక మాట. ఇప్పుడు ఎత్తిపోతల నీటితో చెరువులు నింపుతున్నారు. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలం నాటి ఉదయ సముద్రం నేడు సాగర్ నీళ్లు చేరే బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. కల్వకుర్తి ఎత్తిపోతల కింద పాలమూరు వైపు చెరువులకూ నీళ్లు వచ్చాయి. నీళ్లొద్దని ఎవరంటారు? బోర్లకు ఊట పెరిగింది, తాగునీరు దొరుకుతోంది. అయితే ఏడాది పొడవునా నీరుండే చెరువు అడుగు గాలి పీల్చదు. నల్లపొర మందమవుతూ పోతుంది. అలాంటి చెరువులో రెండు మూడేళ్లకు ఒకసారైనా ఒక పక్క ఆరనివ్వగలిగితే మన్నుకూ మంచిది, పూడిక తీయడానికీ వీలవుతుంది. ఏటా ఎండే చెరువు మన్నుకూ, ఎప్పుడో ఒకసారి ఎండిన చెరువు మన్నుకూ తేడా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. రెండో దాన్ని ఎక్కువ రోజులు ఆరబెట్టాలి.

ఏ మన్ను, ఎంత, ఎలా?

ఒక ఏడు తొందరపడి, ఇంకా నల్లగా ఉన్న తడి బురదనే పల్లి చేనుకు తోలించాను. పెళ్లలు పైన ఎండి రాయిలా గట్టిపడ్డాయి, లోపల నల్లగానే ఉండిపోయాయి. గుంటక తోలినా పగల్లేదు. ఆ ఏడు సాళ్లలో సందులే ఎక్కువ. అదే మన్ను మరుసటి ఏడు బాగా కలిసిపోయి పంట నిలబడింది. అందుకే మన్ను తోలిన వెంటనే చేనంతా పరచకుండా చిన్న కుప్పలుగా పోసి ఉంచండి. రెండు మూడు వారాల తర్వాత ఒక పెళ్లను విరిచి చూడండి. లోపల దాకా గోధుమరంగు తిరిగి, మురుగు వాసన పోయి, మట్టి వాసన వస్తే పరచవచ్చు. నడిమధ్య నలుపు కనిపిస్తే ఇంకా ఆగాలి. ఇది పైసా ఖర్చులేని పరీక్ష. అనుమానం తీరకపోతే ఆ మన్ను కొంత డబ్బాలో పోసి పది పెసర గింజలు వేసి చూడండి. మొలక నీరసంగా వస్తే తొందరపడొద్దు.

చెరువు మన్నులో బంకమన్ను పాలు ఎక్కువ. ఎర్ర చెలకలకు, దుబ్బనేలలకు అదే కావాలి. వాన రెండు వారాలు ఆగినా పైరు వాడకుండా కాస్త తడి పట్టి ఉంచుతుంది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ సరిగా పడని మన ప్రాంతంలో ఎరువు విలువ కంటే ఈ తడి విలువే ఎక్కువని నా అభిప్రాయం. నల్లరేగడికి దీన్ని తోలడం దండగ, అక్కడ ఉన్న బంకే ఎక్కువ. ఇక్రిశాట్ వారు మెదక్ జిల్లా చెరువుల మన్నులోని పోషకాల విలువ లెక్కగట్టి 2003లో ప్రచురించారు. తర్వాత 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో ప్రభుత్వం పూడిక తవ్విస్తే రైతులు తమ ఖర్చుతో తోలుకున్నారు. అప్పుడు చెలకకు, రేగడికి తేడా చూడకుండా తోలించిన వాళ్లూ ఉన్నారు.

ఎంత తోలాలన్నది ఒక లెక్క. ఎకరంలో ఒక సెంటీమీటరు మందాన పరచాలంటే సుమారు 40 ఘనపు మీటర్ల మన్ను కావాలి. ట్రాలీకి వంద ఘనపుటడుగులు పడుతుందనుకుంటే 14 ట్రాలీలు. మూడు సెంటీమీటర్లకు నలభై పైచిలుకు. తేలిక దుబ్బకు అంత వేయవచ్చు. కాస్త బరువున్న ఎర్రనేలకు అందులో సగం చాలు. ఒకసారి తోలితే కొన్నేళ్లు పనిచేస్తుంది కాబట్టి ఏటా ఒక్కో మడికి చొప్పున తోలుకుంటూ పోవడం జేబుకు తేలిక. మన్ను వేశాం కదా అని పెంట మానేయకండి.

చెరువు అంచుల్లో, కట్ట దిగువన ఎండాకాలం తెల్లగా ఉప్పు పేరుతుంది. నీరు ఆవిరై పోతూ లవణాలను పైకి లాక్కొస్తుంది. ఆ తెల్ల పొర ఉన్న చోట మన్ను ముట్టుకోవద్దు. కట్ట మొదట్లో, తూము చుట్టూ తవ్వడం అసలే వద్దు, కట్టకు ముప్పు. ఒండ్రు పొర దాటి మొరం తగిలిందంటే అక్కడితో ఆపేయాలి.

వరిమడీ ఒక చిన్న చెరువే

సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి మీద వరి వేస్తారు. నేలకు ఆరే వ్యవధి దొరకదు. కొయ్యకాళ్లు కలియదున్ని వెంటనే కరిగెట చేసి నాటుతారు. అవి నీటిలో కుళ్లుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తాయి. ఆ తర్వాత పైన చెప్పిన వరసే. నాటిన కొద్ది రోజులకు పైరు పసుపుపచ్చబారి ఎదుగుదల ఆగిపోతుంది. మడిలో కాలు పెడితే బుడగలు, కోడిగుడ్డు వాసన. దుబ్బు లాగితే తేలిగ్గా ఊడి వస్తుంది, వేళ్లు నల్లగా ఉంటాయి. దీన్ని సల్ఫైడ్ దుష్ప్రభావం అంటారు. చాలామంది తెగులనుకొని మందులు కొడతారు, మరికొందరు యూరియా చల్లుతారు. రెండూ దండగే. కావలసింది గాలి.

ఆరోగ్యమైన వరి వేరు మడ చెట్టు వేరు లాంటిదే. ఆకుల నుంచి తన లోపలి సందుల గుండా గాలిని కిందికి తెచ్చుకుంటుంది. అందుకే దాని చుట్టూ తుప్పురంగు పూత కనిపిస్తుంది, కొత్త వేళ్లు తెల్లగా ఉంటాయి. వేరు నల్లబడిందంటే ఆ గాలి చాలడం లేదని అర్థం. మడిలో నీరు తీసేసి సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి మళ్లీ నీరు పెడితే కొద్ది రోజుల్లో కొత్త తెల్లవేళ్లు వస్తాయి. చలికి నీరు తీయడానికి భయపడేవారు మధ్యాహ్నం ఎండలో తీసి చూడవచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. ఆరిన మడిలో నత్రజని నైట్రేటుగా మారుతుంది. మళ్లీ నీరు పెట్టగానే అది వాయువుగా పోతుంది. కాబట్టి ఆరబెట్టేదేదో యూరియాకు ముందే చేయాలి. నీరు తీసి బురదపదునులో యూరియా చల్లి, ఒకటి రెండు రోజులకు నీరు పెట్టి, ఆ తర్వాత వెంటనే మళ్లీ ఆరబెట్టకుండా ఉండాలి. నీరు నిలిచిన నేలలో జింకు కూడా వేరుకు అందకుండా పోతుంది. వరి తర్వాత వరి వేసే చోట రెండు మూడు పంటలకొకసారి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దమ్ములో వేసుకోవాలి. భాస్వరం ఎరువుతో కలపకుండా రెండు మూడు రోజుల తేడా ఉంచాలి. పైరులో లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారి చేయాలి.

చేపలు పెంచేవారూ ఈ నల్లపొరను కనిపెట్టి ఉండాలి. నీరు అడుగంటిన చెరువులో మొదటి పెద్ద వాన వరద ఆ బురదను కలియబెట్టిందంటే నీటిలోని ప్రాణవాయువు ఒక్కసారిగా తగ్గి తెల్లారేసరికి చేపలు తేలుతాయి. ఎవరో మందు కలిపారని ఊళ్లో తగాదాలు రావడం కద్దు. ముందు నీటి సంగతి చూసుకోవాలి.

మూసీ మన్ను దగ్గర జాగ్రత్త

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైనది. మూసీ కాలువల నీరు చేరే చెరువులు బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ వైపు ఉన్నాయి. హైదరాబాద్ మురుగు, పరిశ్రమల వ్యర్థాలు ఆ నీటిలో కలిసి వస్తాయి. మురుగులోని సేంద్రియ పదార్థం వల్ల అక్కడి మన్ను చూడటానికి నల్లగా, బలంగా కనిపిస్తుంది. కానీ అందులో కాడ్మియం, సీసం వంటి భారలోహాలు ఉండవచ్చు. నీటి కింద నల్ల బురదలో ఉన్నంత కాలం ఇవి గంధకంతో కట్టుబడి కదలకుండా ఉంటాయి. ఎండబెట్టి చేనులో పరిచినప్పుడు గంధకం విడిపోయి, కాడ్మియం వంటివి వేరుకు అందే రూపంలోకి వస్తాయి. మామూలు చెరువు మన్నుకు మేలు చేసే ఎండే ఇక్కడ కీడు చేస్తుందన్నమాట. ఆకుకూరలు కాడ్మియాన్ని త్వరగా పీల్చుకుంటాయి. కాబట్టి పరీక్ష చేయించకుండా మూసీ చెరువుల మన్ను కూరగాయల మడులకు తోలవద్దు. ఊరికే వస్తుందని ఆశపడవద్దు. మామూలు భూసార పరీక్షలో భారలోహాలు చూడరు. ఆ పరీక్ష కావాలని విడిగా అడగాలి.

మిగతా చెరువులకు ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం పరీక్షలు చాలు. ఉదజని సూచిక 8.5 దాటినా, లవణ సాంద్రత ఒకటి దాటినా ఆ మన్ను వద్దనుకోండి. నమూనాను ఒకే చోట తీయకుండా చెరువులో ఏడెనిమిది చోట్ల, తవ్వబోయే లోతు దాకా తీసి కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో గుడ్డ సంచిలో కట్టండి. పాలెం, కంపాసాగర్ పరిశోధన కేంద్రాల శాస్త్రవేత్తలను గానీ, మీ మండల వ్యవసాయాధికారిని గానీ అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. సంచిలో పెట్టే చీటీ మీద ఊరు, చెరువు పేరు, తీసిన తేదీ, చెరువు ఏటా ఎండుతుందా లేదా, మన్ను ఏ నేలకు తోలదలచారు అన్నవి రాయడం మరవకండి. రోహిణి దాకా ఆగితే ఫలితం వచ్చేసరికి వానలు మొదలవుతాయి. చెరువు అంచులు బయటపడుతున్నప్పుడే, మార్చిలోనే ఇచ్చేయండి.